పది రూపాయల నోటును ‘టెన్ రూపీస్ నోట్’ అని ఎందుకు అనకూడదు? ఇంగ్లీషు నామవాచకాలపై పాఠకుల సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నామవాచకాల గురించే. ఎక్కడ ఎస్ చేర్చాలి, ఎక్కడ వదిలేయాలి, తెలుగులో ఒక్క మాట ఉన్నచోట ఇంగ్లీషులో రెండుంటే దేన్ని ఎంచుకోవాలి అని అడిగారు. ఈ తప్పుల్లో చాలావాటికి మూలం మన తెలుగు వాక్యంలోనే ఉంది. అందుకే ప్రతిచోటా ముందు తెలుగు వాక్యాన్ని చూసి, తర్వాతే ఇంగ్లీషుకు వెళ్లాం.

‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’ అని రాస్తే మా లెక్చరర్ ‘ఇయర్స్’లో ఎస్ కొట్టేశారు. ‘ద బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’లో మాత్రం ఉంచారు. రెండు చోట్లా అయిదేళ్లే కదా, ఈ తేడా ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

మీ లెక్చరర్ రెండు చోట్లా సరిగ్గానే దిద్దారు. తెలుగులో ‘అయిదేళ్ల పిల్లవాడు’, ‘పది రూపాయల నోటు’, ‘మూడు రోజుల సెలవు’, ‘రెండంతస్తుల మేడ’ అంటాం. ముందు మాట చివర ఉన్న ఆ ‘ల’ బహువచనం నుంచి వచ్చిందే. అది లేకపోతే తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ అలవాటే ఇంగ్లీషు రాసేటప్పుడు ‘టెన్ రూపీస్ నోట్’, ‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’ అని రాయిస్తుంది.

ఇంగ్లీషు పద్ధతి దీనికి తలకిందులు. ఒక నామవాచకం ఇంకో నామవాచకం ముందు నిలబడి దాన్ని వర్ణిస్తుంటే, అది విశేషణం పని చేస్తున్నట్టు లెక్క. ఇంగ్లీషు విశేషణానికి బహువచనం లేదు కాబట్టి ఎస్ రాలిపోతుంది, ముందు అంకె ఉంటే మాటల మధ్య అడ్డగీత వస్తుంది. ‘ఎ టెన్-రూపీ నోట్’, ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’, ‘ఎ సిక్స్-ఫుట్ వాల్’, ‘ఎ టెన్-మినిట్ వాక్’. అదే కొలత క్రియ తర్వాతకు వెళ్లి, దాని వెనక వర్ణించడానికి ఏ నామవాచకమూ లేకపోతే బహువచనం తిరిగి వస్తుంది: ‘ద వాల్ ఈజ్ సిక్స్ ఫీట్ హై’. రాసేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే: కొలతమాట తర్వాత అది వర్ణించే నామవాచకం ఉందా, లేదా?

సెలవు చీటీలో ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. ‘త్రీ డేస్ లీవ్’ అని ఎస్ ఉంచి రాయాలంటే, ఆ ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టాలి. మూడు రోజులకు చెందిన సెలవు అని దాని అర్థం. ఒక్క రోజుకైతే ‘ఎ డేస్ లీవ్’, ఇక్కడ అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు వస్తుంది. అపాస్ట్రఫీ తలనొప్పి వద్దనుకుంటే ‘త్రీ డేస్ ఆఫ్ లీవ్’ అని రాయండి. ఉద్యోగ దరఖాస్తులో ‘ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’కూ ఇదే వర్తిస్తుంది. ‘ఇయర్స్’ తర్వాత అపాస్ట్రఫీ లేని దరఖాస్తులే ఎక్కువగా కనిపిస్తాయి.

లక్షలు, వందల సంగతీ ఇందులోదే. ‘అయిదు లక్షల రూపాయలు’లోని ‘ల’ను పట్టుకుని ‘ఫైవ్ లాక్స్ రూపీస్’ అనకండి, ‘ఫైవ్ లాక్ రూపీస్’ అనాలి. ముందు కచ్చితమైన అంకె ఉంటే హండ్రెడ్, థౌజండ్, లాక్, క్రోర్ దేనికీ ఎస్ రాదు. అంకె లేకుండా ‘లక్షల కొద్దీ’ అనే అర్థంలో అయితే ఎస్ వస్తుంది, వెంట ‘ఆఫ్’ కూడా వస్తుంది: ‘లాక్స్ ఆఫ్ రూపీస్’, ‘హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్’.

బజారు బోర్డుల మీదా ఇదే ‘ల’ కనిపిస్తుంది. చెప్పుల షాపు, కూరగాయల మార్కెట్, బొమ్మల దుకాణం, పళ్ల రసం. ఇంగ్లీషులో షూ షాప్, వెజిటబుల్ మార్కెట్, టాయ్ షాప్, ఫ్రూట్ జ్యూస్ అంటారు. చెప్పులు ఎన్ని జతలున్నా ఎస్ రాదు. కొన్ని మాటలు మాత్రం ఎస్‌ను వదలవు: క్లోత్స్ షాప్, సేవింగ్స్ అకౌంట్, స్పోర్ట్స్ డే, కస్టమ్స్ ఆఫీసర్. వీటిలో కొన్నింటికి ఎస్ తీసేస్తే అర్థమే మారిపోతుంది. ‘క్లోత్’ అంటే గుడ్డ, ‘క్లోత్స్’ అంటే తొడుక్కునే బట్టలు. ‘కస్టమ్’ ఆచారం, ‘కస్టమ్స్’ సుంకాల శాఖ.

మా టీమ్ లీడ్ అమెరికాలో ఉంటారు. నేను పంపిన మెయిల్‌లో ‘ఫీడ్‌బ్యాక్స్’, ‘టూ సాఫ్ట్‌వేర్స్’, ‘యువర్ అడ్వైసెస్’ మూడూ దిద్ది పంపారు. ఎస్ తీసేస్తే చాలా? ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

ఎస్ తీసేస్తే సగం పనే అయినట్టు. తెలుగులో సలహాలు, సామాన్లు, వివరాలు, నగలు అన్నీ లెక్కపెట్టుకోగలం. ఒక సలహా, రెండు సలహాలు అనడంలో తప్పేమీ లేదు. ఇంగ్లీషు మాత్రం అడ్వైస్, లగేజ్, ఇన్ఫర్మేషన్, జ్యువెలరీలను ఇసుకలాగా, నీళ్లలాగా చూస్తుంది. ఎంత అని అడుగుతుంది గానీ ఎన్ని అని అడగదు. ఇందులో తర్కం వెతకకండి. పక్కనే ఉన్న ఫ్రెంచి భాష ఈ మాటల్లో చాలావాటిని మనలాగే బహువచనంలో వాడుతుంది. ఇది ఇంగ్లీషు ఎంచుకున్న దారి, అంతే.

లెక్కకు రాని మాట వాక్యంలో అయిదు చోట్ల తప్పు చేయిస్తుంది. మాట ముందు ‘ఎ’ లేదా ‘ఎన్’, మాట చివర ఎస్, ముందు ‘మెనీ’, ‘దీజ్’ లేదా ‘దోజ్’, తర్వాత ‘ఆర్’ లేదా ‘హావ్’. ‘దీజ్ ఇన్ఫర్మేషన్ ఆర్ యూజ్‌ఫుల్’ అని రాసేవారు ఎస్ తీసేశారు, కానీ రెండు తప్పులు మిగిల్చారు. ‘దిస్ ఇన్ఫర్మేషన్ ఈజ్ యూజ్‌ఫుల్’ అనాలి. ‘మెనీ’ బదులు ‘మచ్’ లేదా ‘ఎ లాట్ ఆఫ్’, ‘ఎన్’ బదులు ‘సమ్’ వాడాలి.

మరి లెక్క చెప్పాల్సి వస్తే? పాఠ్యపుస్తకాలు ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్’ నేర్పుతాయి. అవి సరైనవే. కానీ ఆఫీసు మెయిల్‌లో ప్రతిసారీ ‘పీస్’ అని రాస్తే బరువుగా ఉంటుంది. దాని బదులు లెక్కకు వచ్చే దగ్గరి మాటను తెచ్చుకోవడం మేలు. సాఫ్ట్‌వేర్‌కు ప్రోగ్రామ్స్ లేదా యాప్స్, ఫీడ్‌బ్యాక్‌కు కామెంట్స్, అడ్వైస్‌కు సజెషన్స్, ట్రైనింగ్‌కు సెషన్స్, లగేజ్‌కు బ్యాగ్స్, మెషినరీకి మెషీన్స్, హోంవర్క్‌కు అసైన్‌మెంట్స్. ‘వి ఇన్‌స్టాల్డ్ టూ ప్రోగ్రామ్స్’ అని రాస్తే ఎవరూ దిద్దరు. ఇదే గుంపులో ఎక్విప్‌మెంట్, ఎవిడెన్స్, రీసెర్చ్, నాలెడ్జ్, స్టేషనరీ, సీనరీ, ట్రాఫిక్ కూడా ఉన్నాయి. ‘స్టాఫ్’ కొంచెం వేరు. అది ఒక సంస్థ సిబ్బంది మొత్తానికి వాడే మాట కాబట్టి ఒక్క మనిషిని ‘ఎ స్టాఫ్’ అనకూడదు, ‘ఎ స్టాఫ్ మెంబర్’ అనాలి.

జాబితా బట్టీ పట్టే బదులు, నేర్చుకునేవారి కోసం వేసిన నిఘంటువును వాడండి. వాటిలో నామవాచకం పక్కన లెక్కకు వచ్చేదైతే సి అనే అక్షరం, రానిదైతే యు అనే అక్షరం ఉంటుంది. రెండూ ఉంటే ఏ అర్థానికి ఏది ఇచ్చారో చూడాలి. ‘ఎక్స్‌పీరియన్స్’ అంటే పని అనుభవం అయినప్పుడు యు, జీవితంలో ఎదురైన ఒక్కో అనుభవం అయినప్పుడు సి.

మీ మెయిల్‌లోని ‘అడ్వైసెస్’ గురించి ఇంకొక్క మాట. నామవాచకంలో చివరి ఇ ముందు సి రాస్తాం, ‘అడ్వైస్’ అని పలుకుతాం. క్రియలో అక్కడ ఎస్ రాస్తాం, ‘అడ్వైజ్’ అని పలుకుతాం. ‘అడ్వైజెస్’ అనే రూపం ఉంది, కానీ అది ‘సలహా ఇస్తాడు’ అనే క్రియ.

సాంబారులో వెంట్రుక పడితే ‘హెయిర్’ అనాలా, ‘ఎ హెయిర్’ అనాలా? పాలు, నీళ్లు ‘ఈజ్’ ఎందుకవుతాయి?
– గృహిణి, రాజమహేంద్రవరం

జుట్టు వేరు, వెంట్రుక వేరు అని తెలుగు చక్కగా విడదీసింది. ఇంగ్లీషు రెంటికీ ‘హెయిర్’ అనే వాడి, ముందున్న ‘ఎ’తో తేడా చూపిస్తుంది. ‘దేర్ ఈజ్ ఎ హెయిర్ ఇన్ ద సాంబార్’ అంటే ఒక వెంట్రుక. ‘ఎ’ తీసేస్తే సాంబారులో జుట్టు ఉందనే అర్థం వస్తుంది. ‘షీ హాజ్ లాంగ్ హెయిర్స్’ అంటే పొడవాటి వెంట్రుకలు ఏవో కొన్ని ఉన్నాయన్నట్టు వినిపిస్తుంది. జడ గురించి చెప్పేటప్పుడు ఎస్ వద్దు.

పాలు విరిగాయి, నీళ్లు రాలేదు, బియ్యం అయిపోయాయి. వీటితో తెలుగు క్రియ బహువచనంలో ఉంటుంది. ఆ క్రియను అలాగే ఇంగ్లీషులోకి తీసుకెళ్తే ‘మిల్క్ ఆర్’, ‘వాటర్ ఆర్’ అవుతాయి. మిల్క్, వాటర్, రైస్ మూడూ ఏకవచనమే: ‘ద మిల్క్ హాజ్ కర్డిల్డ్’. హోటల్లో ‘టూ కాఫీస్ ప్లీజ్’ అనడం మాత్రం తప్పు కాదు. అక్కడ కాఫీ అంటే కప్పు అని అందరికీ తెలుసు.

ఇంగ్లీషులో 26 ‘ఆల్ఫాబెట్స్’ ఉన్నాయని మా పాప నోటుపుస్తకంలో ఉంది. అందులో తప్పేమిటి?
– ఒక తండ్రి, నంద్యాల

ఆల్ఫాబెట్ అంటే అక్షరమాల, లెటర్ అంటే అక్షరం. ఇంగ్లీషుకు ఉన్నది ఒక్క ఆల్ఫాబెట్, అందులో 26 లెటర్లు. ‘ఏ ఈజ్ ఎ లెటర్’ అని రాయించండి. దండలో ఒక పువ్వును చూపించి దండ అనం కదా, పాపకు అలా చెబితే ఇట్టే పట్టుకుంటుంది.

నర్సింగ్ పూర్తి చేశాను, ఇంగ్లండులో ఉద్యోగం కోసం సిద్ధమవుతున్నాను. ‘లెగ్ ఫింగర్’, ‘వెయిస్ట్ పెయిన్’ అని రాసినందుకు కోచింగ్‌లో మార్కులు తగ్గించారు. శరీర భాగాలు, జబ్బుల పేర్లలో ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

మంచి ప్రశ్న. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది మార్కులే కాదు, రోగికి కట్టు కట్టే చోటు కూడా మారిపోవచ్చు.

తెలుగులో తొడ మొదలు నుంచి గోరు దాకా అంతా కాలే. ఇంగ్లీషులో చీలమండ దాకా లెగ్, అక్కడి నుంచి కింద ఫుట్. ‘కాలికి దెబ్బ తగిలింది’ అని రోగి చెప్పగానే ‘లెగ్’ అని రాసేయకండి, ఎక్కడో వేలితో చూపించమనండి. తొడ అయితే థై, మోకాలు నీ, పిక్క కాఫ్, చీలమండ యాంకిల్, మడమ హీల్. కాలి వేలు టో, కాలి బొటనవేలు బిగ్ టో. ఫింగర్ అనే మాట కాలికి అసలే రాదు. చెయ్యి కూడా ఇంతే: భుజం నుంచి మణికట్టు దాకా ఆర్మ్, అక్కడి నుంచి హ్యాండ్. చేతి బొటనవేలు థంబ్.

నడుం నొప్పికి ‘వెయిస్ట్ పెయిన్’ అనరు. వెయిస్ట్ అంటే బెల్టు పెట్టుకునే చుట్టుకొలత. నొప్పి వెన్ను కింది భాగంలో కాబట్టి ‘లోయర్ బ్యాక్ పెయిన్’. ‘గుండెల్లో నొప్పి’ని ‘హార్ట్ పెయిన్’ అని రాయవద్దు, ‘చెస్ట్ పెయిన్’ అనాలి. నొప్పి గుండెదా, కండరానిదా, గ్యాస్‌దా అన్నది డాక్టరు తేల్చాల్సిన సంగతి.

‘ఆమెకు బీపీ ఉంది, షుగర్ ఉంది’ అని మనం అనుకుంటాం. బ్లడ్ ప్రెషర్ ప్రతి మనిషికీ ఉంటుంది. ‘షీ హాజ్ హై బ్లడ్ ప్రెషర్’ లేదా ‘హైపర్‌టెన్షన్’ అని రాస్తేనే జబ్బు అవుతుంది. షుగర్ అంటే డయాబెటిస్. ఈ మాట చివర ఎస్ ఉన్నా ఏకవచనమే, ‘డయాబెటిస్ ఈజ్’ అనాలి. మీజిల్స్, మంప్స్ కూడా అంతే. ‘లూజ్ మోషన్స్’ మన దగ్గర అందరికీ తెలిసిన మాటే, అక్కడ మాత్రం ‘డయేరియా’ అని రాయడం క్షేమం.

ఇంకొకటి, ఆసుపత్రిలోనే కాదు, ఎక్కడైనా పనికొచ్చేది. ‘బిల్డింగ్ వెనక వైపు’ అనడానికి ‘బ్యాక్‌సైడ్’ అనకండి. ఆ మాటకు అక్కడ పిరుదులనే అర్థం. ‘బిహైండ్ ద బిల్డింగ్’ అంటే సరిపోతుంది.

‘ఐ హావ్ త్రీ వర్క్స్ టుడే’ తప్పా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

తప్పే. ‘మూడు పనులు’ అన్న తెలుగు మాటే అలా అనిపిస్తుంది. ఈ అర్థంలో వర్క్ లెక్కకు రాదు. ‘ఐ హావ్ త్రీ థింగ్స్ టు డు టుడే’ అనండి. ఉద్యోగం అనే అర్థంలో జాబ్, అప్పగించిన పని అయితే టాస్క్, ఈ రెండూ లెక్కకు వస్తాయి. ‘వర్క్స్’ అనేది ఒక రచయిత రచనలకో, రోడ్డు మరమ్మతుల్లాంటి పనులకో వాడే మాట.

పెళ్లి సంగతీ ఇలాంటిదే. పందిట్లో జరిగే వేడుక వెడ్డింగ్, ఆ తర్వాతి కాపురం మ్యారేజ్. ‘నిన్న మా మేనమామ కూతురి పెళ్లికి వెళ్లాను’ అనాలంటే ‘వెడ్డింగ్’ అనే అనాలి.

‘కజిన్ సిస్టర్’, ‘కో-బ్రదర్’, ‘మై వుడ్-బి’ ఇవన్నీ ఇంగ్లీషు మాటలేనా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

మన దేశంలో వాడే ఇంగ్లీషులో ఉన్న మాటలే. మన మధ్య మాట్లాడుకునేటప్పుడు వీటికి సిగ్గుపడాల్సిన పని లేదు. బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు అని వరుసలు విడదీసే భాష మనది. ‘కజిన్’ అనే ఒక్క మాటలో అవన్నీ కలిసిపోతే మనసు ఒప్పుకోదు. అందుకే సిస్టర్ తగిలించుకున్నాం. కానీ వీసా పత్రాల్లోనో, బయటి దేశాల వాళ్లకు రాసేటప్పుడో ‘కజిన్’ అని మాత్రమే రాయండి. అక్కడ కజిన్ సిస్టర్ అంటే కజినా, సిస్టరా అని అడుగుతారు. తోడల్లుడికి ‘బ్రదర్-ఇన్-లా’, అది చాలకపోతే ‘మై వైఫ్స్ సిస్టర్స్ హజ్బెండ్’. బహువచనంలో ఎస్ మొదటి మాటకే చేరుతుంది: ‘బ్రదర్స్-ఇన్-లా’. ‘వుడ్-బి’ని నామవాచకంగా వాడకుండా ‘ఫియాన్సే’ అనండి. కాబోయే భర్తకు చివర ఒక ఇ, కాబోయే భార్యకు రెండు ఇలు రాస్తారు, పలుకుబడి ఒకటే. ‘మై నేటివ్ ఈజ్ గుంటూరు’కు బదులు ‘ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు’.

కత్తెర ఒక్కటే కదా, ‘సిజర్స్ ఆర్’ ఎందుకు? ‘న్యూస్’లో ఎస్ ఉంది, మరి ‘ఈజ్’ ఎందుకు?
– పదో తరగతి విద్యార్థిని, వనపర్తి

కత్తెరకు రెండు అలుగులు, ప్యాంటుకు రెండు కాళ్లు, కళ్లజోడుకు రెండు అద్దాలు. ఇలా రెండు సగాలు కలిసిన వస్తువులను ఇంగ్లీషు బహువచనంగానే పట్టుకుంది: ‘ద సిజర్స్ ఆర్ షార్ప్’, ‘వేర్ ఆర్ మై గ్లాసెస్?’ ఒక్కటి అని చెప్పాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’, అప్పుడు క్రియ పెయిర్‌ను బట్టి ‘ఈజ్’ అవుతుంది. న్యూస్, మ్యాథమెటిక్స్, ఫిజిక్స్ మాత్రం ఎస్‌తో ముగిసినా ఏకవచనమే. ‘లెక్కలు కష్టంగా ఉన్నాయి’ అన్న తెలుగు వాక్యాన్ని తలుచుకుని ‘మ్యాథమెటిక్స్ ఆర్’ అని రాయకు తల్లీ, మార్కు పోతుంది.

‘షూస్’కు మనం ‘లు’ చేర్చి ‘షూసులు’ అంటే పెద్దవాళ్లు నవ్వుతారు. ఇంగ్లీషు వాళ్లూ ఇలాంటివి చేశారు. ‘చిల్డ్రన్’ అనేది బహువచనం మీద మళ్లీ బహువచనం చేర్చిన మాటే. బఠాణీని పూర్వం ‘పీజ్’ అనేవారు, అదే ఏకవచనం. చివర వినిపించే ‘జ్’ బహువచనానిదని పొరబడి, దాన్ని కోసేసి, ‘పీ’ అనే కొత్త ఏకవచనాన్ని తయారుచేసుకున్నారు.

‘పోలీస్ హాజ్ అరెస్టెడ్’, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’. ఈ రెండింటినీ ఎలా సరిచేసుకోవాలి?
– జర్నలిజం విద్యార్థి, తిరుపతి

రెండు చోట్లా తెలుగే మీకు సాయం. ‘పోలీసులు అరెస్టు చేశారు’ అంటాం కాబట్టి ‘ద పోలీస్ హావ్ అరెస్టెడ్’. ఎస్ కనిపించకపోయినా పోలీస్, పీపుల్, క్యాటిల్ బహువచనాలే. ఒక్కరైతే ‘ఎ పోలీస్ ఆఫీసర్’. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అన్నప్పుడు స్నేహితులు బహువచనం, ఒకడు ఏకవచనం. ఇంగ్లీషులోనూ అంతే: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్’. ఎస్ ఫ్రెండ్స్‌కు, ‘ఈజ్’ వన్‌కు.

ఎమ్మెల్యే ముందు ‘ఎ’ రావాలా, ‘ఎన్’ రావాలా? ఎమ్ అచ్చు కాదు కదా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, నల్లగొండ

చూడాల్సింది అక్షరం కాదు, ధ్వని. దీనికి తెలుగు లిపే మంచి కొలబద్ద. ఆ మాటను వినిపించినట్టు తెలుగులో రాయండి. మొదటిది అచ్చు అయితే ‘ఎన్’, హల్లు అయితే ‘ఎ’. ఎమ్మెల్యే, ఎల్‌ఐసీ ఏజెంట్, ఆర్టీసీ బస్సు, అవర్, ఎంబీఏ అన్నీ అచ్చుతో మొదలవుతాయి, ‘ఎన్’ వస్తుంది. యూనివర్సిటీ, యూరోపియన్, వన్-రూపీ కాయిన్ హల్లుతో మొదలవుతాయి, ‘ఎ’ వస్తుంది. ఒక్క చోట జాగ్రత్త. ఎ ముందు య, ఒ ముందు వ చేర్చి పలకడం మనలో చాలామందికి అలవాటు. ‘యెగ్గు’, ‘వొపీనియన్’ అని రాసుకుంటే కొలబద్ద తప్పు చూపిస్తుంది. ‘ఎగ్’, ‘ఒపీనియన్’ అని రాసుకుని చూడండి, రెండింటికీ ‘ఎన్’ వస్తుంది.